బండలో చప్పుడు

నేను ఒక గ్యాస్ బండను. మీ వంటింటి మూలన ఎర్రగా కూర్చునే ఉంటాను. అయిపోతే తప్ప నేను మీకు గుర్తురాను. రెండు ఉక్కు డొప్పలు కలిపి అతికితే నేనయ్యాను, కాబట్టి పైకి ఘనపదార్థాన్ని. లోపల గ్యాస్ ఉందంటారు గానీ, అందులో ఎక్కువ భాగం ద్రవమే. వదిలితే ఊరంతా తిరిగొచ్చే వాయువును గట్టిగా అదిమితే, ద్రవంగా మారి బుద్ధిగా నా కడుపులో పడుకుంటుంది. పైన కాస్త ఖాళీలో మాత్రమే వాయువు ఉంటుంది. మీ పొయ్యికి వచ్చేది అదే. అది వెళ్లేకొద్దీ కింది ద్రవం మరిగి మళ్లీ వాయువవుతుంది. అలా మరగడానికి కావలసిన వేడిని నా ఒంట్లోంచే లాక్కుంటుంది. ఇంత శాస్త్రం కడుపులో పెట్టుకుని కూడా ఒక మనిషి పరువు కాపాడలేకపోయాను. ఆ సిగ్గు నన్నింకా వదల్లేదు.

తిరిగిన ఇళ్లకు లెక్కలేదు. కొందరు బొట్టు పెట్టారు, కొందరు నెత్తిన ఉల్లిగడ్డల బుట్ట పెట్టారు. ఆదిలాబాద్‌లో నన్ను భుజాన మోసి ఇల్లిల్లూ తిప్పేవాడు పోశెట్టి. దించేటప్పుడు కూడా చప్పుడు చేయనివ్వడు.

ఒక డిసెంబరులో శ్రీహరి సార్ ఇంట్లో దించాడు. సార్ బడిలో సైన్సు చెప్తాడు. మరునాడు ఆ ఇంట్లో అయ్యప్ప స్వాములకు భిక్ష. పొద్దున్నే పెరట్లో పెద్ద పొయ్యికి నన్ను తగిలించి, అన్నం గుండిగ ఎక్కించారు. ఎముకలు కొరికే చలి. ఆ పెద్ద మంట వాయువును గబగబా లాగేస్తుంటే నా ఒళ్లు మంచుముద్దయింది, పైన తడి పట్టింది. లోపలి ద్రవానికి మరిగేంత వేడి దొరకలేదు. బియ్యం సగం ఉడికేసరికి మంట మినుకుమినుకుమని ఆరిపోయింది.

సార్ నన్ను ఎత్తి ఊపాడు. కడుపులో గలగలమంది.

"ఇది గ్యాసా? నీళ్లు!" అన్నాడు. గ్యాస్ అయితే గాలిలా ఉండాలి కదా, చప్పుడెందుకవుతుందని ఆయన లెక్క. నా ఒంటి మీది తడిని కూడా సాక్ష్యంగా చూపించాడు. ఘనం, ద్రవం, వాయువు అని పిల్లలకు బోర్డు మీద బొమ్మలు గీసి చూపించే చెయ్యి అది!

కబురందుకుని పోశెట్టి పరుగున వచ్చాడు. "స్వాముల భిక్షకు నీళ్ల బండ ఇస్తవా? గ్యాసంత ఏడ అమ్ముకున్నవ్?" అని స్వాములందరి ముందూ సార్ అరిచాడు. పోశెట్టి తనే అగ్గిపుల్ల గీసి చూశాడు. మంట రాలేదు. ఇంకేమంటాడు? "నాకెర్క లేదు సార్, సీలుతోనే ఇచ్చిన," అని గొణిగాడు. వేరే బండ తెచ్చిపెట్టి, నన్ను అక్కడే వదిలేసి, ఎవరి మొహమూ చూడకుండా వెళ్లిపోయాడు. ఒక్క మంట రప్పించి ఉంటే అతను తలెత్తుకుని వెళ్లేవాడు. నా వల్ల కాలేదు.

ఎండెక్కింది. గోడవారన పడి ఉన్న నా ఒళ్లు వెచ్చబడింది. మధ్యాహ్నం సార్ భార్య సుగుణమ్మ ఊరికే తగిలించి చూస్తే మంట నీలంగా లేచింది. సార్ వచ్చి మంట చూశాడు, నన్ను తడిమాడు. అంతా అర్థమైపోయింది.

"జర పోయి పోశెట్టికి చెప్పి రాండ్రి," అంది సుగుణమ్మ.

"రేపు చెప్త," అన్నాడు సార్. ఆ రేపు రాలేదు. ఆ ఇంట్లో నేను మండినన్నాళ్లూ సిగ్గుతోనే మండాను.

మళ్లీ నింపుకుని వేసవిలో ఆ ఇంటికే వచ్చాను. మోసుకొచ్చింది పోశెట్టే. ఇప్పుడతనికి కొత్త అలవాటైంది. ఏ ఇంట్లోనైనా బండ తగిలించి, మంట వెలిగేదాకా కదలడు. సార్ లైటర్ నొక్కాడు. మంట వచ్చింది.

"మంచిగ ఉన్నదా సార్?"

"ఉన్నది."

అయినా పోశెట్టి వెళ్లలేదు. "ఒక్క మాట సార్. ఆ దినం బండల నిజంగనే నీళ్లుండెనా? స్వాముల నోటికాడి బువ్వ ఖరాబ్ చేస్తినా అని నాకు నిద్ర పడ్తలేదు."

సార్ స్టవ్ కట్టేశాడు. "లేవు పోశెట్టీ. గ్యాసే. చలికి రాలేదు. ఆ పూటనే తెలిసింది నాకు."

పోశెట్టి ఖాళీ బండను భుజానికెత్తుకున్నాడు. గడప దాటబోతూ ఆగాడు.

"ఆ పూటనేనా సార్?"

సార్ తల దించుకున్నాడు. ఆయన చూపు వచ్చి నా మీదే పడింది.