నీలం పోని సీసా

ఆయన చొక్కా ఇస్త్రీ చేసి, బూట్లు తుడిచి, చివరికి సీసా కలపడానికి వంటింట్లోకి వచ్చాను. ఇవాళ ఆడపిల్లల బడిలో ఆయన ఉపన్యాసం. "పిల్లలూ, సైన్సులోకి రండి" అని బడి బడికీ తిరిగి చెప్పడమే ఇప్పుడు ఆయన ఉద్యోగం. చెప్పేది ఆయన, చప్పట్లు కొట్టించేది నా సీసా. కాస్టిక్ సోడా నీళ్ళలో గ్లూకోజు కలిపి, నీలం రంగు చుక్క వేస్తాను. కదపకుండా ఉంచితే రంగు పోతుంది, ఊపితే మళ్ళీ వస్తుంది. అందులో ఏముందో ఆయన ఏనాడూ అడగలేదు. భౌతికశాస్త్రం చదివి, కుర్చీ ఎక్కాక పుస్తకం ముట్టని మనిషి. రసాయనశాస్త్రం నాది. నా పరిశోధన సగంలో ఉండగా ఆయనకి బదిలీ అయింది. "మొగుడొక చోట, నువ్వొక చోట సీసాలు కడుక్కుంటూ కూచుంటావా?" అన్నారు అత్తగారు. అప్పట్నుంచీ ఇంట్లోనే కడుగుతున్నాను.

సభల్లో ఆయనకో జోకు ఉంది. "మా ఆవిడకి ఉప్పుకీ చక్కెరకీ తేడా తెలీదు, అందుకే నేను సైంటిస్టునయ్యాను!" హాలంతా నవ్వుతుంది. ముందు వరసలో నేనూ నవ్వుతాను. నవ్వకపోతే మొహం మాడ్చుకుందంటారు.

మా అమ్మాయికి పెద్ద పరిశోధనా సంస్థలో సీటు వచ్చింది. చేరతానని చెప్పడానికి ఇవాళే ఆఖరు. తండ్రి ఔననాలి. పొద్దున అడిగితే ఆయన పేపర్లోంచి తల కూడా ఎత్తలేదు.

"ఆడపిల్లకి ల్యాబుల్లో ఆ చాకిరీ ఎందుకు? మీ అమ్మ చదివి ఏం ఒరగబెట్టింది?"

పిల్ల నా వైపు చూసింది. నా ఒళ్ళు భగ్గుమంది. ఇన్నేళ్ళూ నన్నన్నవన్నీ దిగమింగాను, ఇది మాత్రం గొంతు దిగలేదు. సీసాలో గ్లూకోజు వెయ్యలేదు. పొట్లం కట్టి చేతిసంచిలో పెట్టుకున్నాను.

"అమ్మానాన్నలూ, ఆడపిల్లల కలలకి అడ్డు రాకండి!" అని వేదిక మీద ఆయన గొంతు ఖంగుమంది. నా పక్కన కూచున్న కూతురు తల దించుకుంది. తర్వాత ఉప్పూ చక్కెరా జోకు. ఆ తర్వాత సీసా ఊపి బల్ల మీద పెట్టారు.

"చూడండి, ఇప్పుడీ నీలం మాయం!"

పోలేదు. మళ్ళీ ఊపారు, ఆగారు. అయినా పోలేదు. వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. "సార్ మాయమైతే బావుణ్ణు" అంది ఇంకో గొంతు. నేను ఇస్త్రీ చేసిన చొక్కా చెమటకి తడిసి ముద్దవుతోంది. అబ్బ, ఎంత హాయిగా ఉందో! తొందరేముందని కూచునే ఉన్నాను.

మైకుకి చెయ్యి అడ్డం పెట్టి, "ఏమోయ్, ఇలా రా" అన్నారు. వెళ్ళాను.

"ఏం తగలేశావే ఇందులో?"

"చక్కెర వెయ్యడం మర్చిపోయానండీ. తేడా తెలీనిదాన్ని కదా. సంచిలోనే ఉంది. ముందు మనమ్మాయిని పంపిస్తున్నామని చెప్పండి, వేస్తాను."

"పిచ్చెక్కిందా? ఇంటికెళ్ళాక మాట్లాడదాం."

"ఇంట్లో మీరు మాట్లాడేశారుగా." మెట్ల వైపు తిరిగాను.

"ఆగు, ఆగు!" ఆయన మైకు దగ్గరికి వంగారు. "మా... మా అమ్మాయి కూడా పరిశోధనకే వెళ్తోంది. సంతోషంగా పంపిస్తున్నాను."

హాలు దద్దరిల్లింది. నా కూతురు అక్కడికక్కడే ఫోను తీసి, చేరుతున్నానని పంపేసింది. అది తల ఎత్తి నవ్వేదాకా ఆగి, పొట్లం విప్పి సీసాలో పోశాను, మూత బిగించి ఊపాను. కాసేపటికి నీలం మెల్లగా మాయమైంది. ఆయన మొహంలో రంగు అంతకుముందే పోయింది.

కారెక్కగానే విరుచుకుపడ్డారు.

"నలుగురిలో నా పరువు తీస్తావా? ఎంత పని చేశావు!"

"అప్పుడే ఏం చూశారు?" అన్నాను, ఖాళీ పొట్లం మడత పెడుతూ. "వచ్చే నెల ఇంకో బడి ఉందిగా. అక్కడ 'మా ఆవిడ కూడా పరిశోధన పూర్తి చేస్తోంది' అని చెబుదురుగాని."