గాలిలో ఆపిన మూట

మా ఓడ యుద్ధం చేయదు. యుద్ధం చేసే ఓడల కడుపు నింపుతుంది. నడిసముద్రంలో ఓ యుద్ధనౌక మా పక్కకి వస్తుంది. రెండూ ఒకే వేగంతో పక్కపక్కనే సాగుతుంటే మధ్యలో ఉక్కుతాడు బిగించి, దాని మీదుగా మూటలు అటు పంపుతాం. తాడుని బిగించేదీ, మూటని నడిపేదీ వించ్. ఆ వించ్ నా చేతిలో ఉంటుంది. దాని ముందు కూర్చున్నవాడు తాడునీ మూటనీ తప్ప ఇంకేం చూడకూడదు. నేను మాత్రం మా బావని చూసేవాణ్ణి.

బావ అంటే మా అక్క మొగుడు. మేం సరుకులందించే యుద్ధనౌకల్లో ఒకదాని మీద పని చేస్తాడు. అక్కడ మూటలు దించుకునేవాళ్ళకి అతనే పెద్ద. వాళ్ళ డెక్ మీద పసుపు రంగుతో ఓ గడి గీసి ఉంటుంది. మూట ఆ గడిలో దిగి నేలకి ఆనేదాకా ఎవడూ అందులో అడుగు పెట్టకూడదు. బావ గడి అంచున నిలబడి దించమని చెయ్యి ఊపుతాడు.

బావని ఏడిపించకపోతే బావమరిది పుట్టుక ఎందుకు? అతను చెయ్యి ఊపగానే మూటని గడి దాటించి, సరిగ్గా అతని నెత్తి దాకా తెచ్చి టక్కున ఆపేవాణ్ణి. బావ గబుక్కున వంగేవాడు. తర్వాత పిడికిలి చూపించి, రెండు ఓడలకీ మధ్య వేసుకున్న ఫోనులో, "ఒరేయ్, ఒడ్డుకి రా, నీ తోలు వలుస్తా" అనేవాడు. ఇటు మావాళ్ళూ అటు వాళ్ళూ పగలబడి నవ్వేవారు. ప్రతిసారీ ఇదే తంతు. నా చేతి మీద నాకు అంత పొగరు. వద్దని ఎవడైనా అంటే వాడి మీద లేచేవాణ్ణి కూడా.

ఆ రోజు సముద్రం పెద్దగా పొంగలేదు. మూటంటే ఆ వేళ వలలో కట్టిన ఉల్లిపాయల బస్తాలు. ఎప్పుడూ ఆపే చోటే ఆపాను, ఒట్టు. సరిగ్గా అప్పుడే అల ఒకటి వాళ్ళ ఓడని పైకి లేపింది, తాడు సడలి మూట అతని మీదకి జారింది. వంగడానికి బావకి వ్యవధి లేదు, చెయ్యి అడ్డం పెట్టాడు. వలని మోసే ఇనపకొక్కేనికీ పక్కనున్న ఓడ అంచు కమ్మీకీ మధ్య ఆ చెయ్యి నలిగింది. కుడిచేతికి రెండు వేళ్ళు పోయాయి.

ఒడ్డుకి చేరగానే ఆస్పత్రికి పరుగెత్తాను. నేను నోరు తెరిచేలోపే బావ అందుకున్నాడు.

"నోర్ముయ్. మూట నేలకి ఆనకముందే నేను గడిలో కాలు పెట్టాను. రాసిచ్చేశాను కూడా. మావాళ్ళెవరూ నోరు విప్పరు. మూటతో ఆటలాడావని తెలిస్తే నిన్ను ఇంటికి పంపేస్తారురా."

"మరి నీ సంగతో?"

"నాదేముంది. ఒడ్డు మీద గోడౌన్లో కూర్చోబెడతారు. నీడపట్టున ఉంటాను."

ముందే గడిలో దూరినవాణ్ణి మళ్ళీ డెక్ ఎక్కనివ్వరు. అది మా దగ్గర రూలు. ఒడ్డు మీద నాలుగు రోజులుంటే బావకి పిచ్చెక్కుతుంది, పక్క ఊగకపోతే నిద్ర రాదంటాడు. అలాంటివాడు గోడౌనంటున్నాడు. సిగ్గులేనివాణ్ణి, తలూపి ఊరుకున్నాను.

మర్నాటి నుంచీ అసలు శిక్ష మొదలైంది. అక్క వచ్చి మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, బావకి చెంచాతో అన్నం పెడుతూ తిట్టేది.

"కళ్ళు నెత్తికెక్కాయా మీకు? ఇన్నేళ్ళ సర్వీసు, కాలెక్కడ పెట్టాలో తెలియదా? వీణ్ణి చూడండి. చిన్నప్పుడు నిండు గ్లాసు తెమ్మంటే చుక్క ఒలికేది కాదు. వీణ్ణి చూసైనా నేర్చుకోకూడదూ?"

బావ అన్నం నములుతూ తలూపేవాడు. నాకు ప్రాణం చచ్చిపోయేది. మందులు తెస్తాననీ మంచినీళ్ళు తెస్తాననీ వరండాలోకి పారిపోయేవాణ్ణి.

మూడో రోజు మధ్యాహ్నం విచారణ అధికారి వచ్చాడు. బావ రాసిచ్చిన కాగితం చదివి, "ఇదేనా జరిగింది? ఇంకేమైనా చెప్పాలా?" అని అడిగాడు.

"అంతేనండి. నా అజాగ్రత్తే" అన్నాడు బావ.

"అడగండి సార్, ఇంకో నాలుగు అడగండి. అప్పుడైనా బుద్ధొస్తుంది" అంది అక్క, కంచంలో అన్నం కలుపుతూ. కలుపుతున్న చెంచా మీద కన్నీళ్ళు పడుతున్నాయి.

ఇక నావల్ల కాలేదు.

"ఆయన గడి బయటే ఉన్నాడు సార్. మూటని ఆయన మీదకి తెచ్చింది నేను. ఏడిపించడానికి తెచ్చాను."

"వీడి మాట వినకండి" అన్నాడు బావ. "అక్క ఏడుపు చూడలేక కథ అల్లుతున్నాడు."

"కథ కాదు సార్. మా ఓడ మీద సిగ్నలిచ్చేవాణ్ణి అడగండి. మూట ఆగగానే వాడు నవ్వాడో లేదో అడగండి. నవ్వుతూనే ఉన్నాడు, బావ అరుపు వినబడేదాకా."

అధికారి నేను చెప్పింది కాగితం మీద రాసుకున్నాడు.

"అడుగుతాను. నువ్వు మాత్రం ఇకమీదట వించ్ ముట్టుకోవు. ఆ తర్వాత ఏమిటన్నది పైవాళ్ళు చెప్తారు." బావ వైపు తిరిగి, "నీ కాగితం నువ్వు వెనక్కి తీసుకో. చెయ్యి మానితే డెక్ ఎక్కుదువుగాని" అని వెళ్ళిపోయాడు.

అక్క తిడుతుందనుకున్నాను. చెంపలు వాయించినా బాగుండేది. అసలు నా వైపే చూడలేదు.

"మూడు రోజులుగా నోటికొచ్చినట్టు అంటున్నానే" అంది బావతో. "ఒక్కసారైనా కాదనలేదేమండీ?"

"నువ్వు తిడుతుంటే మధ్యలో మాట్లాడే మొనగాడు ఎవడే" అన్నాడు బావ.

అక్క నవ్వలేదు. కంచం తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఇదిగో. నువ్వు పెట్టు."

వెళ్ళి కిటికీ దగ్గర అటు తిరిగి నిలబడింది. నేను స్టూలు మీద కూర్చుని చెంచా ఎత్తాను. బావ నోరు తెరిచాడు. పెట్టినదల్లా బుద్ధిగా తిన్నాడు. నన్ను కాపాడనివ్వలేదన్న కోపమేమో, కంచం ఖాళీ అయ్యేదాకా నా మొహంలోకి మాత్రం చూడలేదు.