మొదటి గడిలో పేరు

“నీ చేతిరాత ముత్యాలకోవ. కాస్త సాపు రాసిపెట్టు ఝాన్సీ,” అంటూ మొగుడు సీతారామాంజనేయులు కాగితాల కట్ట తెచ్చి రుబ్బురోలు పక్కనే పెట్టాడు. రుబ్బురోలు పక్కన ఎవరైనా కాగితాలు పెడతారా? పెడతారు, పిండి అంటితే ఎవరిని తిట్టాలో ముందే తెలిసినవాళ్ళు. ఝాన్సీలక్ష్మి చెయ్యి కడుక్కుని, కట్ట తీసి గూట్లో పెట్టి, మళ్ళీ పిండి దగ్గర కూర్చుంది.

తెనాలిలో అర్థశాస్త్రం పాఠాలు చెప్పే ఆ పెద్దమనిషి ఆ యేడు సర్కారుకి సలహాదారుడయ్యాడు. నిరుడు తుఫాను రేపల్లె, బాపట్ల తీరాల్ని ఊడ్చిపెట్టాక, సముద్రాన్ని నమ్ముకున్నవాళ్ళ కోసం కొత్త శాఖ ఒకటి పెట్టాలని హైదరాబాదులో అనుకున్నారు. ఎవరికి ఏమివ్వాలి, ఎలా ఇవ్వాలి అన్నది లోపలివాళ్ళయితే పైవాడి మొహం చూసి చెబుతారనీ, బయటివాళ్ళయితే ఉన్నదున్నట్టు చెబుతారనీ ఈయన్ని పెట్టుకున్నారు. ఉన్నదున్నట్టు! కూరలో ఉప్పు తగ్గినప్పుడు తప్ప ఆ పని చేసి ఎరగడాయన.

తీరా ఇంటింటి వివరాలు రాసుకోడానికి తీరం ఊళ్ళకి మొదటిరోజు వెళితే మగవాళ్ళు చేపల వేటలో ఉన్నారు, ఆడవాళ్ళు ప్యాంటు మనిషిని చూసి తడికల వెనక్కి తప్పుకున్నారు. మర్నాడు, “ఇంట్లో ఊరికే కూర్చుంటావుగా, నువ్వూ రా,” అన్నాడు. ఊరికేనట! తెల్లారకముందే లేచి అత్తగారు సుబ్బాయమ్మకి వేన్నీళ్ళు, గేదెకి కుడితి, అందరికీ వంట, క్యారియర్లో ఆయన అన్నం సర్ది, ఊరికే కూర్చునే ఆ మనిషి రేపల్లె బండెక్కేది. బండి దిగి బస్సు, బస్సు దిగి ఇసకలో రెండు మైళ్ళు. ఆయన పంచాయతీ వరండాలో కుర్చీ వేయించుకునేవాడు. గుడిసె గుడిసెకీ తిరిగింది ఆమె.

అచ్చువేసిన కాగితంలో మొదటి గడి ‘ఇంటి యజమాని పేరు’. ఒక్క ఆడమనిషీ చెప్పదు. “మా ఆయన పేరు నేనెట్టా చెబుతానమ్మా, ఆయుష్షు తగ్గదూ?” అని రత్తాలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఝాన్సీ ఏం బలవంతపెడుతుంది? పద్నాలుగేళ్ళ కాపురంలో తనూ మొగుడి పేరు పలికింది లేదు. గడి ఖాళీగా ఉంచకూడదని, చెప్పినవాళ్ళ పేరే రాసింది. మొదటి ఊళ్ళో గత్యంతరం లేక రాసింది. మూడో ఊరు వచ్చేసరికి తెలిసే రాసింది. పడవ ఒడ్డుకి తెచ్చేదాకే మగవాడి పని. అక్కణ్ణించి చేపలు ఏరడం, ఉప్పు పట్టించి ఎండేయడం, గంప నెత్తినపెట్టి రేపల్లె దాకా నడిచి అమ్మడం, పొయ్యి వెలిగించడం ఎవరి పనులో కళ్ళారా చూసింది. ఇంకెవరు యజమాని?

ఆ ఊళ్ళోనే పేరంటాలు అని ఒకామె పెనిమిటి, తుఫానునాడు వేటకి పోయినవాడు మళ్ళీ రాలేదు. సాయం కింద వచ్చిన వెదుళ్ళూ తాటాకూ, ఇంటికి మగదిక్కని మరిది సింగయ్య పేరున ఇచ్చారు. అవి అతని ఇంటిమీదికి ఎక్కాయి. ఆమె ఇద్దరు ఆడపిల్లలతో సగం కూలిన గోడ కింద ఉంది.

“ఈసారన్నా నా పేరు ఉంటదా అమ్మగారా? రాసినాక తియ్యరుగా?”

“తియ్యను,” అంది ఝాన్సీ.

ఇప్పుడు గూట్లోంచి కట్ట విప్పితే, రేపల్లె కాగితాలన్నిటి మీదా ఎర్రపెన్సిలు. మొదటి గడిలో ఆడపేర్లు కొట్టేసి, ఊరి మునసబుని అడిగి పట్టుకొచ్చిన మగపేర్లు. పేరంటాలు మీద గీత, పక్కన ‘సింగయ్య’. చివర, ఈ వివరాలన్నీ తాను స్వయంగా ఇల్లిల్లూ తిరిగి సేకరించానని ఒక వాక్యం. ఒకసారి అడిగి చూసింది. ఆడదాన్ని యజమానంటే హైదరాబాదులో నవ్వుతారే, అన్నాడాయన. సాపు రాయమంటే రాయాలిగానీ తీర్పులు నీకెందుకమ్మా, అంది అత్తగారు మంచం మీంచి. తనని కూరలో కరివేపాకులా తీసేయడం ఝాన్సీకి కొత్త కాదు. కానీ అబద్ధం ఎందుకు, ఆ చివరి వాక్యం దగ్గర ఆమెకి ఏడుపొచ్చింది. ఆ ఇసకలో కాళ్ళు బొబ్బలెక్కింది నావి కదా అనుకుంది. తర్వాత పేరంటాలు గుర్తొచ్చి, ఏడవడానికి సిగ్గేసింది. నా పేరు పోతే మనసు నొస్తుంది, దాని పేరు పోతే పిల్లలు వానలో తడుస్తారు.

పొయ్యికీ బావికీ మధ్య తొమ్మిది రోజులు రాసింది. ఎర్రపెన్సిలు జోలికి పోలేదు. తను రాసుకొచ్చిన ఆడపేర్లు వాటి గడిలోనే ఉంచింది. ఆయన ఆఖరి పేజీలో సంతకం పెట్టాడు. ఆమె మడతపెట్టిన పంచె ఏనాడూ విప్పి చూసుకోడు, ఇదీ అంతే.

హైదరాబాదు నుంచి వచ్చిన కొత్త శాఖ కార్యదర్శికి హోటలు తిండి పడదట. అందుకని ఆ అధికారి దిగిన బాపట్ల బంగళాకి మొగుడు ఆమెనీ క్యారియర్లతో సహా తీసుకెళ్ళాడు. ఆమె వడ్డిస్తుంటే కార్యదర్శి ఎడంచేత్తో కాగితాలు తిప్పుతూ, రేపల్లె దగ్గర ఆగాడు. యజమానులంతా ఆడవాళ్ళేంటండీ, అన్నాడు.

సీతారామాంజనేయులు ముద్ద నోట్లోనే ఆగింది. కాగితాలు లాక్కున్నంత పనిచేసి, “పొరపాటు సార్. మా ఆవిడ సాపు రాసింది. తెలియదు పాపం. రేపటికి దిద్దించేస్తాను,” అని ఆమెవైపు చూశాడు. ఆ చూపు ఆమెకి తెలుసు. తెనాలి బండిలో ఆయన మాట్లాడడు. ఇంటికెళ్ళాక తలుపు వేస్తాడు. దాని తర్వాతది పద్నాలుగేళ్ళుగా ఆమె వీపుకి తెలుసు. అవున్సార్ పొరపాటేనంటే ఇవాళ్టికి గండం గడుస్తుంది. పేరంటాలు మళ్ళీ సింగయ్య కింద పడుతుంది.

కార్యదర్శికి ఏదో అనుమానం తగిలినట్టుంది. ఆమెవైపు తిరిగాడు. “ఇది పొరపాటేనామ్మా? అసలు ఈ ఊళ్ళన్నీ తిరిగి రాసుకున్నది ఎవరు? పేరు చెప్పు.”

ఝాన్సీ గరిటె మజ్జిగలో వదిలేసింది. చేతులు కొంగుతో తుడుచుకుంది.

“పొరపాటు కాదండి. మొగుడి పేరు నోటితో చెప్పకూడదని మా అమ్మ నేర్పింది. అందుకని నా పేరే చెబుతాను. ఝాన్సీలక్ష్మి. రాసుకోండి.”