ఉజరక్‌కు పంపిన బూట్లు

మా అన్న ఉజరక్ చనిపోయిన శీతకాలంలో, ఉత్తర ధ్రువం దగ్గరి మా ఊళ్ళో ఒక్క కాన్పు కూడా కాలేదు. పోయినవారి పేరును ఎక్కువ కాలం నిలువ నీడ లేకుండా వదిలివేయడం మావాళ్ళకు ఇష్టం ఉండదు. ఎవరో ఒకరి ఒంట్లో దానికి చోటు చూపాలి. అందుచేత మా వదిన అర్నైనుక్, ఆ వసంతంలో పుట్టిన నా కుక్కపిల్లల్లో ఒకదానిని ఒడిలోకి తీసుకుని, మనవడు పుట్టేవరకు ఈ పేరు నువ్వు మొయ్యమని దాని చెవిలో చెప్పింది. జంతువులకు పేర్లు పెట్టే అధికారాన్ని దేవుడు మనిషికి ఇచ్చిన సంగతి, ముప్పై ఏళ్ళుగా ఆదివారాలు చర్చిలో వాక్యం చదివే నాకు తెలుసు. మనిషి పేరును జంతువుకు పెట్టవచ్చునా అన్నది మాత్రం ఏ పుటలోనూ దొరకలేదు. దొరకలేదు గనుక ఊరుకున్నాను.

నాలుగేళ్ళలో అది కుక్కలు లాగే నా మంచు బండికి, స్లెడ్జికి, ముందు నడిచే కుక్క అయింది. నేను దానిని అన్నా అనే పిలిచేవాణ్ణి. వదిన దాని ముందు చేప ముక్క పెట్టి, తల కాస్త వంచి, "తినండి" అనేది. ఊళ్ళో ఎవరూ నవ్వలేదు. నా కొరడా పది కుక్కల మీద పడింది గాని దాని మీద ఒక్కనాడూ పడలేదు.

ఈ ఫిబ్రవరిలో, శీతకాలపు చీకటి తరవాత సూర్యుడు తిరిగి కనబడిన వారానికి, పదకొండు కుక్కలతో సముద్రపు మంచు గడ్డ అంచుకు సీల్ వేటకు వెళ్ళాను. అక్కడ సముద్రం కొత్తగా గడ్డకట్టిన మేరంతా ఉప్పు తెల్లని పువ్వుల్లా పైకి తేలి ఉంటుంది. చలి ముదిరేకొద్దీ ఆ పువ్వులు పదునెక్కుతాయి. కుక్క పాదాల మెత్తలు తడిసి, బిగిసి, పగులుతాయి. వేళ్ళ నడుమ మంచు ఉండకట్టి ఆ పగుళ్ళను ఇంకా విడదీస్తుంది. అందుకే వాటికి సీల్ తోలు బూట్లు తొడుగుతాం. నేను వెంట తెచ్చిన బూట్లను రెండో నాడే ఒక పడుచు కుక్క నమిలి మింగింది. దానిని తిట్టి ప్రయోజనం లేదు, సంచి మూతి బిగించనిది నేను.

నాలుగో నాడు మంచు మీద ఎర్రని మచ్చలు కనిపించాయి. వెతికితే అన్న ముందు పాదాలు రెండూ చీలి ఉన్నాయి. వేళ్ళ మధ్య మంచును నా నోటి వెచ్చదనంతో కరిగించి, సీల్ కొవ్వు రాసి, ఆ పాదాలను నా చొక్కాలోకి తీసుకుని పొట్టకు ఆనించుకుని కూర్చున్నాను. ఇంటికి రెండు రోజుల దారి. నడవలేని కుక్కను మా దగ్గర శీతకాలమంతా మేపరు. ఒక్క తూటాతో సరి. ఆ పని నేను ఎన్నోసార్లు చేశాను, ప్రార్థించి మరీ చేశాను. కాని అన్న మీదికి తమ్ముడు తుపాకీ ఎలా ఎత్తుతాడు?

వేటకు పోయినవాళ్ళందరికీ మాకు ఉమ్మడి రేడియో ఒకటుంది. ఒకరు మాట్లాడితే అన్ని గుడారాలూ, ఊళ్ళలోని ఇళ్ళూ వింటాయి. చలికి నా బ్యాటరీ నీరసించి మాటలు ముక్కలుగా వినబడుతున్నాయి. వాటి మధ్య వదిన గొంతు గుర్తుపట్టాను.

"మరిదీ, ఉజరక్ వచ్చాడు..." అని, గరగర తరవాత, "...ఒకటే ఏడుపు" అన్నది.

గుడారం తెర ఎత్తి చూశాను. అన్న అక్కడే పడుకుని పాదాలు నాకుకుంటున్నాడు. ఏడవడం లేదు. ఉజరక్ నా దగ్గరే ఉన్నాడని, పాదాలు పగిలాయని, బూట్లు కుట్టి పంపమని రేడియోలో రెండుసార్లు చెప్పాను. అవతల ఎవరో నవ్వారు. ఆ వెంటనే బ్యాటరీ చచ్చింది. వదినకు మతి చెదిరిందేమోనని ఆ పూటంతా బెంగపడ్డాను; తరవాత, చెదిరినది ఆమెకో నాకో తేల్చుకోలేకపోయాను.

రెండు రోజులకు పావ్లుసీ తన మోటారు స్లెడ్జి మీద వచ్చాడు. అతడు మా మేనత్త కొడుకు, నన్ను ఎగతాళి చేయడం పుట్టుకతో వచ్చిన హక్కని భావించేవాడు. జలసంధి దాటి అవతలి గట్టు మీది ఊరు ఇగ్లూలిక్ పోతున్నాడు. గాలి లేవబోతున్నదని యంత్రం ఆపకుండానే వదిన పంపిన ఒక చిన్న మూట, ఒక బ్యాటరీ నా చేతిలో పెట్టాడు. ఆ మూట ఉజరక్‌కట. ఒడిలో ఉన్న ఇంకో మూట ఇంకో ఉజరక్‌కట. ఇంకో ఉజరక్ ఎవరని అడిగాను.

"మీ అన్నకు ఈ నాలుగు కాళ్ళూ చాల్లేదు బావా. అవతల గట్టున ఇంకో రెండు మొలిచాయి," అని నవ్వుతూ వెళ్ళిపోయాడు.

వాడి మాటలకు అర్థం వెతకడం నేను యౌవనంలోనే మానుకున్నాను. మూట విప్పాను. నాలుగు ఉండవలసినచోట రెండే ఉన్నాయి. పగిలింది ముందు కాళ్ళేనని వదినకు ఎలా తెలిసింది? పైగా అవి సీల్ తోలువి కావు; కారిబూ జింక దూడ తోలు, బొచ్చు లోపలికి తిప్పి, కంటికి ఆనని కుట్లతో కుట్టినవి. గోళ్ళు బయటికి రావడానికి కన్నాలు లేవు. యాభై ఏళ్ళుగా కుక్కల బూట్లు కుట్టిన మనిషి కన్నాలు మరచిపోతుందా? అయినా తొడిగి చూశాను. కొలత తీసినట్టు సరిపోయాయి. లేచి నాలుగడుగులు వేసి, గోళ్ళకు పట్టు దొరకక అన్న చతికిలబడ్డాడు. వదినను మనసులో క్షమించి, కత్తితో ఒక్కో బూటుకు రెండేసి కన్నాలు కోశాను. ఈసారి జారకుండా నడిచాడు. దేవునికి కృతజ్ఞతలు చెప్పుకున్నాను.

సాయంత్రం కొత్త బ్యాటరీతో రేడియో తెరవగానే ఇగ్లూలిక్ నుంచి వదిన కూతురు లిడియా గొంతు స్పష్టంగా వచ్చింది.

"బాబాయ్, పుట్టి వారం కాలేదు, అమ్మ నా కొడుక్కి నాలుగు బూట్లు పంపిందేంటి? పైగా గోళ్ళకి కన్నాలు కూడానూ."

"పాకేటప్పుడు పనికొస్తాయిలే," అని ఏదో గుడారం నుంచి ఎవరో అందుకున్నారు. మంచు మీద ఉన్నవాళ్ళంతా నవ్వారు.

నేను కన్నాలు కోసిన బూట్లను చేతిలోకి తీసుకుని తిప్పి చూశాను. మనవడు పుట్టాడు; మా అన్న పేరు వాడికి పెట్టారు; ఒకే పేరు మీద పంపిన రెండు మూటలు తారుమారయ్యాయి. ఇంతవరకు అర్థమైంది. అర్థమైన కొద్దీ అయోమయం పెరిగింది. పావ్లుసీ గొంతు కూడా వచ్చింది, ఈసారి నవ్వు లేకుండా. పేరు చేరవలసిన చోటికి చేరిందని, ఇక నా దగ్గర ఉన్నది ఉత్త కుక్కేనని అన్నాడు.

"నడవలేకపోతే నీకు అడ్డేం లేదు బావా. తుపాకీ ఉందిగా."

మర్నాడు బయటికి వెళ్ళి దానిని పిలవబోయాను. ఏ పేరుతో పిలవాలి? అన్నా అంటే, జలసంధి అవతల తల్లి పాలు తాగుతున్నవాడు ఎవరు? కుక్కను పిలిచినట్టు పిలుద్దామంటే, నాలుగేళ్ళుగా నా కొరడాను ఆపిన గౌరవం ఎవరిది? పాదాలు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. తుపాకీ స్లెడ్జి మీద, చెయ్యి చాచినంత దూరంలో ఉంది. ఉత్త కుక్కే అయితే చెయ్యి ఎందుకు చాచను? నిలబడి చాలాసేపు ఆలోచించాను; ఆలోచన ఏ దరికీ చేరలేదు. ఈలోగా నా చేతులు, నన్ను అడగకుండానే, దాని పాదాలకు కొవ్వు రాసి బూట్లు కడుతున్నాయి. కట్టిన తరవాత ఇక విప్పలేకపోయాను.

రెండు రోజుల దారికి నాలుగు రోజులు పట్టింది. దానిని స్లెడ్జి మీద ఎక్కిస్తే దూకింది. దూకి, జట్టుకు ముందు తన చోటికి పోయి నిలబడింది. తాళ్ళు బిగిసి ఉంటే రక్తం ఆడక పాదం గడ్డకడుతుంది గనుక, ఆగిన ప్రతిచోటా బూట్లు వదులు చేసి, వేళ్ళు రుద్ది, మళ్ళీ కట్టాను. ఆ నాలుగు రోజులూ దానిని ఏ పేరుతోనూ పిలవలేదు. అయినా అది దారి తప్పలేదు. మూడో నాటికి మంచు మీద మచ్చలు ఆగిపోయాయి.

వదిన గుమ్మంలో కూర్చుని మొదట బూట్లు విప్పింది. నేను కోసిన కన్నాలలో వేలు దూర్చి చూసి, తన కుట్టుకు ఇంత గతి పట్టిస్తావనుకోలేదు మరిదీ అన్నది. పిమ్మట పాదాలు తిప్పి చూసింది. పగుళ్ళ మీద కొత్త చర్మం లేతగా మూసుకుంది. నడుస్తాడు, అని నాతో అన్నది. నడుస్తాడన్నది ఎవరినో అడుగుదామనుకుని మానుకున్నాను.

ఆమె, మనవడికి ఇంకో జత కుడతానని, లోపలికి వెళ్ళి దూడ తోలు ముక్క ఒకటి తెచ్చి నేల మీద పరచింది. మొదటివి ఊహ మీద కుట్టిందట. పిల్లవాడి పాదం ఇంకా కళ్ళతో చూడనే లేదట.

"వాడి బూట్లు ఈయనకు సరిపోయాయి కదా," అన్నది. తరవాత దానివైపు తిరిగి, "కాలు ఇలా ఇవ్వండి," అన్నది.

అది కాలు ఇచ్చింది. వదిన ఆ పాదాన్ని తోలు మీద ఆనించి, చుట్టూ గోటితో గీత గీయసాగింది. తోలు కదలకుండా నేను అంచు పట్టుకున్నాను.