ముట్టుకున్న బంటు

అయ్యో, ముట్టేసుకున్నాడు, ఇంక ఈ బంటునే కదపాలి, చదరంగం టోర్నమెంటులో ముట్టుకున్న పావును వదిలేయడానికి వీల్లేదు, రాణి ముందున్న తెల్లబంటు ముందుకొచ్చిందో లేదో ఎల్లాజీ చెయ్యి దానంతటదే రాజు ముందున్న నల్లబంటు మీదికి పోయింది, ఎన్నేళ్ల అలవాటు, దాన్ని రెండు గళ్లు తోసి ఊరికే ఇచ్చేయడం, ఇచ్చి వల పన్నడం, నల్లపావులతో అతనాడే ఆట అదొక్కటే, ఎదురుగా ఇంకెవరైనా అయితే ఈపాటికి తోసేసి గడియారం నొక్కేవాడు, కాని ఎదురుగా ఉన్నది అనిత, మేనమామ కూతురు, ఆరేళ్ల తరవాత మళ్లీ బోర్డు ముందు కూర్చున్న అనిత, ఈ గజపతినగరం కల్యాణమండపంలో కీచుమనే ఫ్యాను కింద, తలెత్తి చూడదేం, చూస్తే మాత్రం ఏ మొహం పెట్టుకుంటాడు.

చింతపల్లి తీరాన బోర్లించిన తెప్ప మీద బోర్డు పెట్టుకుని ఆడేవాళ్లు, పక్కన చేపలు ఎండబెట్టే అమ్మ లక్ష్మణమ్మ, కాకుల్ని తోలండ్రా, ఆ గుర్రాలు కూడెడతాయేటి అని కసిరేది, ఆ ఎండలోనే అడిగింది అనిత, బావా, నీ రాణొచ్చి సెక్కు సెప్తాది, నాను బిషప్‌ని అడ్డమెడతాను, అది నా బంటుని తినేస్తాది, అప్పుడు నానేటి సెయ్యాల అని, అప్పుడు గుర్రాన్ని బయటికి తియ్యాలి, ఫోను తెరిస్తే ఇప్పుడెవరైనా చెబుతారు, అప్పుడతనికి మాత్రమే తెలుసు, తెలిసే, ఏటుంది, ఆ బిషప్‌తోనే రాణిని తరిమీ అన్నాడు, వేళాకోళానికే, సాయంత్రం చెప్పేద్దామనుకున్నాడు, చెప్పలేదు, విజయనగరంలో జిల్లా సెలక్షన్ల ఆఖరి రౌండులో ఇద్దరికీ పోటీ పడ్డప్పుడూ చెప్పలేదు, గెలిచినవాళ్లే రాష్ట్ర పోటీలకు వెళ్తారు మరి, ఆమె అచ్చం అలాగే రాణిని తరిమింది, నాలుగెత్తులు తిరక్కుండా మాట్, చుట్టూ మూగినవాళ్లు పకపకా నవ్వారు, ఆమె ఏడవలేదు, నువ్వు సెప్పినట్టే ఆడేను గదా బావా అంది, అంతే, తిట్టినా బాగుండేది, తీరా రాష్ట్ర పోటీల్లో అందరూ గుర్రాన్నే తీశారు, ఇచ్చిన బంటు ఇచ్చినట్టే పోయింది, చావుదెబ్బలు తిని వచ్చేసరికి ఆమె బోర్డు అటకెక్కింది, ఆడవేటే అంటే పనుంది బావా అనేది.

గడియారం పరుగెడుతోంది, ముట్టుకున్నాడు గాని ఎంత జరపాలన్నది ఇంకా తన చేతిలోనే ఉంది, ఈసారి ఆమె గుర్రాన్నే తీస్తుంది, ఈ ఆరేళ్లలో తెలుసుకోకుండా ఉంటుందా, బావ తెలిసే చెప్పాడనీ తెలుసుకునే ఉంటుంది, పోనీ తెలియక మళ్లీ తరిమితే, అదింకా ఘోరం, తన వల్ల కాదు, బంటును ఒక్క గడే జరిపి గడియారం నొక్కాడు, ఆమె అప్పుడు తలెత్తింది, రెండు గళ్లు తొయ్యలేదేటి బావా అంది గొంతు తగ్గించి, కోపం లేదు, అదే బాధ, ఇంకో బంటును నిదానంగా జరిపింది, మళ్లీ తన వంతు, ఇప్పుడేం తియ్యాలి, గుర్రమా, బిషప్పా, ఇక్కడ ఎవర్నీ వలలో పడెయ్యడానికి లేదు, ఉత్త ఆటే, ఆడాలంతే, చెయ్యి గాల్లోనే ఆగిపోయింది, ఇక్కణ్నించి ఎలా ఆడాలో ఎల్లాజీకి రాదు, ఆమెకు వచ్చు, అప్పుడూ వచ్చు, సరిగ్గా ఆడితే గెలిచేది ఆమేనని అతనికి తెలుసు, తెలిసే ఆ అబద్ధం చెప్పాడు.