ఇంటర్వ్యూకు పెట్టిన మైదాకు

లక్డారం ఊర్ల నర్సింహులు బిడ్డ నిహారిక ఇంట్ల మాట్లాడుతుంటే ఆమె నోరు మూపియ్యడం ఎవరి వల్ల గాదు. గని ఎదురుంగ ముగ్గురు కుర్చీలేసుకొని కూసొని, నీ గురించి చెప్పమ్మా అంటే చాలు, ఆమె చేతులకు ఏదో అయితది. ఒకపారి చున్నీ కొస మెలిపెడ్తయి. ఒకపారి బల్ల కిందికి జొర్రుతయి. అవి జొర్రంగనే నోట్లె మాట గూడ వాటెంబడే లోపలికి పోతది.

చదువు మంచిదే చదివింది. సంగారెడ్డి కాలేజీల మైక్రోబయాలజీ, అంటే కంటికి కనవడని క్రిముల చదువు. ఆ చదువు మీద మనసెట్ల పడ్డదంటే, మొదటి ఏడు ఒకనాడు నానమ్మ మల్లవ్వ తోడుపెట్టిన పెరుగు చిన్న డబ్బల పోసుకపోయి, ల్యాబుల మైక్రోస్కోపు అద్దం కింద పెట్టి చూసింది. పెరుగుల ఒక ఊరికి ఊరే కాపురమున్నదట. ఇంటికొచ్చి సంబురంగ చెప్తే మల్లవ్వ ఆ పూట పెరుగు ముట్టలేదు. తెల్లారి మరిచిపోయి తిన్నది. మనుమరాలు మాత్రం మరువలేదు. చేస్తే ల్యాబులనే చేస్త అని అప్పుడే అనుకున్నది.

చదువైపోయినంక రెండు కంపెనీలకు పోయొచ్చింది. మొదటి దాంట్ల, బట్టీపట్టిందంతా ఒక్క ఊపిరిల అప్పజెప్తే, అక్కడి సారు నీళ్ల గిలాస ముందుకు జరిపి, ముందు ఊపిరి తీస్కో అమ్మా అన్నడట. రెండో దాంట్ల చేతులు చున్నీ కింద దాసుకొని బల్లతోని మాట్లాడింది. బయటికొస్తుంటే లోపట ఎవరో, ఈ పిల్ల ఏదో దాస్తున్నట్టు లేదూ, అన్నది చెవుల పడ్డది. ఆ మాట ఇంటిదాంక ఆమె ఎంబడే వచ్చి, ఆమెతోనే బువ్వ తిని, ఆమెతోనే పండుకున్నది.

మూడోది గూడ తప్పితే ఏమైతదో ఇంట్ల అందరికీ ఎరుకే. అమీన్‌పూర్ల ప్లాట్లమ్మే ఆఫీసు ఒకటి ఉన్నది, మేనమామ రాంచందర్ ఆడ మాట్లాడి పెట్టిండు. పొద్దుందాంక ఫోన్ పట్టుకొని, సార్ ప్లాటు కావాల్నా, విల్లా కావాల్నా అని అడుగుడు. నర్సింహులు పంపుల ఫ్యాక్టరీల పనిచేసేటోడు, బిడ్డ మీద ఒత్తిడి పెట్టే మనిషి గాదు. ఇది చూద్దాం, కాకపోతే మామ చెప్పిన దాంట్ల చేరు అన్నడు. మెల్లగనే అన్నడు గని, మెల్లగ అన్న మాటనే ఎక్కువ బరువుంటది.

ఈ మూడోది మందుల కంపెనీ. సూదిమందులు చేస్తరు. చెప్పి పెట్టింది ప్రసన్న. లక్ష్మీప్రసన్న అని, నిహారికకు కాలేజీల పక్క బెంచీ పిల్ల. వాళ్ల నాయిన సూర్యప్రకాశరావు గోదావరి దిక్కు నుంచి పెద్ద ప్లాంటుల కొలువుకొచ్చి రామచంద్రపురంల ఇల్లు కట్టుకున్నడు. ప్రసన్న ఆ మందుల కంపెనీల చేరి ఏడాది దాటింది. నా స్నేహితురాలు ఉన్నది, నిక్కమైన పిల్ల అని వాళ్ల ల్యాబ్ మేడంకు చెప్పింది. చెప్పి ఊకోలేదు, వారమంతా ఫోన్ల నిహారికను కూసోబెట్టి సాన పట్టింది. కుర్చీల ఎన్ను ఆనిచ్చి కూసో. తెలియనిది తెలియదని చెప్పు. సెంటు కొట్టకు, పౌడరు పూయకు, గోళ్లకు రంగొద్దు, ఉంగరమొద్దు, జడ గట్టిగ అల్లుకో. అన్నిటికన్న ముఖ్యం చేతులు.

"చేతులు బల్ల మీద పెట్టి మాట్లాడవే. దాచావంటే ఇంకేదో దాస్తున్నావనుకుంటారు. మందుల కంపెనీ వాళ్లు మనిషి మొహం కంటే ముందు చేతులు చూస్తారు."

ఇగ అద్దం ముందు, వంటింట్ల పీట ముందు, ఆఖరికి బర్రె ముందు గూడ నిహారిక చేతులు చాపి మాట్లాడుడు నేర్చుకున్నది. బర్రె బాగనే విన్నది.

సోమారం ఇంటర్వ్యూ. ఆదివారం పొద్దుగాల మల్లవ్వ పెరట్ల మైదాకు చెట్టు దగ్గర ఒళ్లె ఆకు దూసుకుంటున్నది. ఆషాఢం వచ్చిందంటే మైదాకు పెట్టని చెయ్యి ఆమెకు కనవడొద్దు. వాడకట్టుల ఆడపిల్ల ఎవరు దొరికినా పట్టుకొని పెడ్తది. రోట్లె ఆకు, ఇంత చింతపండు, ఒక వక్క వేసి నూరి, మనుమరాలిని పిలిచింది. మంచి పనికి పోతున్నవ్ బిడ్డా, ఉత్త చేతులతోని పోవద్దు అన్నది.

నిహారిక కాదనలేదు. కాదననందుకు కారణం గూడ ఉన్నది. మైదాకు పెట్టుకున్నంక ఎట్లాగూ చేతులు కదపరాదు గదా, చేతులు చాపుకొని కదలకుంట కూసునే అలవాటు ఇంకింత గట్టిపడ్తదనుకున్నది. పది వేళ్లకు టోపీలు, అరచేతుల నడుమ చందమామ. అరుగు మీద కూసొని నానమ్మనే ఇంటర్వ్యూ సేయమన్నది. మల్లవ్వ కాలు మీద కాలేసుకొని, జీతమెంత ఇస్తరు, మాపటీలి బస్సుల దింపుతరా, పగటి బువ్వల కూరలెన్ని అని అడిగింది.

"గది వాళ్లడిగేది గాదు నానమ్మా. నేనడిగేది."

"మరి అడుగవైతివి?"

పగటీలి కడిగితే చేతులు దానిమ్మ గింజల్లెక్క మెరిసినయి. తల్లి సుమిత్ర గూడ కుట్టుమిషన్ మీదికెల్లి లేచొచ్చి చూసి, ఈ ఏడు బాగా పండింది అన్నది. మల్లవ్వ నడకల హుషారు జూడాలె.

బువ్వ తిన్నంక ప్రసన్న వీడియో కాల్ చేసింది, ఆఖరి రిహార్సల్ అని. ఫోన్‌ను చెంబుకు ఆనిచ్చి పెట్టి, ఎన్ను నిటారుగ పెట్టి, చెప్పినట్టే చేతులు రెండూ పీట మీద చాపింది నిహారిక. ప్రసన్న మొఖం ఫోన్ల దగ్గరికొచ్చి ఆగింది. సిగ్నల్ పోయిందేమో అనుకున్నది. పోలేదు.

"నిహా, గోరింటాకు పెట్టుకున్నావా?" అన్నది ప్రసన్న, గొంతు తగ్గించి.

తర్వాత సంగతంతా మెల్లగ చెప్పింది. సూదిమందు నింపే గది ఉంటదట, ఆడ గాలిని గూడ వడపోసి పంపుతరట. ఆ గదిలకు ఏ రంగున్న చెయ్యీ పోవద్దు. పొట్టు రాలుతదని, చెయ్యి శుభ్రమైందో లేదో కనవడదని. ఎవరన్న పెండ్లికి పోయి మెహందీతోని వస్తే, అది పోయేదాంక బయట కూసోబెడ్తరు. ఇప్పుడు వాళ్లకు కావాల్సింది ఆ గదిల పనిచేసే మనిషే. మరి ముందే చెప్పలేదేందే అంటే, ప్రసన్న తల కొట్టుకున్నది. ఉద్యోగంలో చేరాక మా అమ్మ నాకు పెట్టడమే మానేసిందే తల్లీ, గోళ్ల రంగు గుర్తొచ్చింది గానీ ఇది గుర్తే రాలేదు అన్నది.

ఇగ ఆ ఇంట్ల మొదలైంది చూడున్రి. ముందు నిమ్మకాయ రుద్దిండ్రు. తర్వాత తినే సోడా. తర్వాత టూత్‌పేస్ట్. పీచు పెట్టి సుమిత్ర గిన్నె తోమినట్టు తోమింది. ఒక్కొక్కటి పడుతున్న కొద్దీ రంగు తేటగై, సాయంత్రానికి కుంకుమ లెక్క తయారైంది. మల్లవ్వ రోలు దిక్కు చూసుకుంట, వక్క వేయకపోతే ఇంత ఎర్రగ పండకపోతుండె అని గొణిగింది. నర్సింహులు డ్యూటీ దిగి వచ్చి, సంగతి విని, సంచిలకెల్లి తన ఫ్యాక్టరీ చేతితొడుగులు తీసిచ్చిండు. వాటికి గ్రీజు అంటింది. ఆఖరుకు మల్లవ్వ ఒక ఉపాయం చెప్పింది, రెండు చేతులకూ గుడ్డ పట్టీలు కట్టి, వేడినూనె పడ్డదని చెప్పమన్నది.

"రెండు చేతులు కాలినదాన్ని ఎవరు కొలువుల పెట్టుకుంటరు నానమ్మా" అన్నది నిహారిక.

మల్లవ్వ పట్టీల గుడ్డ మడిచి పక్కకు పెట్టింది. బువ్వ ముందు ఉత్తగనే కూసున్నది. నిహారికకు తన దుఃఖం తనకున్నా, నానమ్మ మొఖం చూసి, ఇంత ఎర్రగ పండింది, మొగడు మంచోడొస్తడంటవ్ గదా, వాడే ఏదన్న కంపెనీ పెడ్తడు తియ్ అన్నది. ముసలామె నవ్వలేదు గని రెండు ముద్దలు తిన్నది.

సోమారం పొద్దుగాల చూస్తే మల్లవ్వ కొత్త చీర కట్టుకొని వాకిట్ల నిలవడ్డది. తప్పు నాది, వాళ్లకు నేనే చెప్త అని. నర్సింహులు ఎంత చెప్పినా విననే లేదు. ఆటోల నానమ్మ, మనుమరాలు ఇద్దరూ పోయిండ్రు. లారీల వెనుక, దుమ్ముల, షిఫ్టు దిగి వచ్చే బీహారు పిలగాండ్ల సైకిళ్ల నడుమ ఎట్లనో కంపెనీ గేటు కాడికి చేరిండ్రు. వాచ్‌మెన్ ముసలామెను లోపలికి పోనియ్యలేదు. ఆమె ఆడనే చాయ్ డబ్బా కొట్టు ముంగటి బల్ల మీద కూసొని, వచ్చీరాని హిందీల వాచ్‌మెన్‌కు కథ మొదలుపెట్టింది. నిహారిక ఫైలును పొట్టకు అదుముకొని, దాని కింద చేతులు దాసుకొని లోపలికి పోయింది.

చల్లటి గది. ముగ్గురున్నరు. కొలువుల లెక్క చూసే సారు ఒకరు, ప్రొడక్షన్ సారు ఒకరు, నడుమ ల్యాబ్ పెద్ద మేడం. మేడం జుట్టు నెరిసింది, చేతులకు గాజు లేదు, ఉంగరం లేదు. నిహారిక ఫైలును ఒళ్లె పెట్టుకొని దాని కింద చేతులు పెట్టింది. ఇగ మళ్ల పాత కథే. నీ గురించి చెప్పు అంటే పేరు చెప్పింది, ఊరు చెప్పింది, మూడో మాట దొరకలేదు. సార్లు ఒకరి మొఖం ఒకరు చూసుకున్నరు. అమీన్‌పూర్ ప్లాట్ల ఆఫీసు, ఆ మోగే ఫోన్లు, ఆమె చెవులకు వినవడుడు మొదలైంది.

మేడం చదువు సంగతి అడిగింది. గది అంతా కడిగి, తుడిచి, గాలి వడపోసినంక గూడ లోపలికి క్రిములు ఎక్కువగా దేని నుంచి వస్తాయి అని.

ఇది నిహారికకు తెలుసు. నిద్రల లేపినా చెప్తది. మనుషుల నుంచి మేడం అన్నది. మన తోలు రాల్తది, ఎంటికలు రాల్తయి, మన ఊపిరి, మన...

చేతులు అనాలె. ఆ మాట కాడ ఆగిపోయింది. ఒళ్లె ఫైలు కింద ఆ చేతులే ఉన్నయి గదా. ఇవి దాసుకొని ఆ మాట ఎట్ల అనాలె? ఏదో దాస్తున్నట్టు లేదూ, అన్న మాట మళ్ల చెవుల పడ్డట్టయింది. ఈసారి ఆ మాట నిజమే.

ఫైలు తీసి పక్కకు పెట్టింది. ప్రసన్న చెప్పినట్టు చేతులు రెండూ బల్ల మీద చాపింది. తెల్లటి బల్ల మీద అవి మంట పెట్టినట్టు ఉన్నయి. నేర్చుకున్న ఇంగ్లీషు ఎటు పోయిందో, ఇంటి మాటే వచ్చింది.

"ఇగో మేడం, ఇవి గూడ. ఆషాఢమని నిన్న మా నానమ్మ మైదాకు పెట్టింది, నేనే చాపిన. లోపలికి రానియ్యరని తర్వాత తెలిసింది. ఇవి మామూలైందాంక నన్ను ఆ గదిలకు పోనియ్యకున్రి. అందాంక బయట ఏ పనున్నా చేస్త."

మేడం ముందుకు వంగి చూసింది.

"కడుక్కోలేదా?"

"కడిగినం మేడం. నిమ్మకాయ, సోడా, పేస్టు. ఇంకా ఎర్రగయింది."

మేడం మూతి బిగబట్టింది గని నవ్వు కండ్లల్లకు వచ్చింది. కొలువుల సారు మాత్రం నవ్వలేదు, మాకు వెంటనే లోపల పనిచేసే వాళ్లు కావాలి గదా అన్నడు. మేడం చెయ్యి ఎత్తి ఆయన్ని ఆపి, ఇంకొకటి అడిగింది. సరే, రేపు మీ ఇంట్లో పెళ్లొస్తుంది, అందరూ పెట్టుకుంటారు, మీ నానమ్మ వదలదు, అప్పుడేం చేస్తావు?

నిహారిక ఆలోచన చేయలేదు. "అందరికీ నేనే పెడ్త మేడం. గ్లౌజులేసుకొని."

ఈసారి ప్రొడక్షన్ సారు గూడ నవ్విండు. ఆడికెల్లి ఇగ మాట ఆగలేదు. పెరుగు సంగతి చెప్పింది, అద్దం కింద కనవడ్డ ఊరి సంగతి చెప్పింది, తెలియనివి రెండు అడిగితే తెల్వదని చెప్పింది. చెప్తున్నంతసేపు చేతులు బల్ల మీదనే ఉన్నయి. వాటిని దాసాలన్న సంగతే ఆమెకు యాదికి రాలేదు.

బయటికొస్తే మల్లవ్వ చాయ్ డబ్బా కాడ లేచి నిలవడ్డది. ఏమన్నరు బిడ్డా అంటే, ఫోన్ చేస్తం అన్నరు అని చెప్పింది. మల్లవ్వకు ఆ మాట నచ్చలేదు. ఫోన్ చేస్తమన్నోడు ఎవడు చేసిండు అని దారంతా తిట్టుకున్నది.

చేసిండ్రు. సుమిత్ర మిషన్ మీద జాకెట్ కుడుతుండంగ వచ్చింది ఫోన్. వచ్చే నెల చేరాలె, మొదాలు బయటి ల్యాబుల, గోర్ల మీద రంగు పూర్తిగ పోయినంకనే లోపటి గదిల అని. తోలు మీది రంగు జల్దీనే పోయింది. గోర్లు మాత్రం మొండికేసినయి. ఎన్నడూ లేంది మల్లవ్వ, మైదాకు ఎప్పుడు పోతదా అని రోజూ పొద్దుగాల మనుమరాలి చెయ్యి పట్టుకొని వెలుతురుకు పెట్టి చూసుడు మొదలుపెట్టింది. బొటనవేలి కొస మీద ఆఖరి ఎర్ర గీత మిగిలినప్పుడు నెయిల్‌కట్టర్ తానే పట్టుకున్నది. కత్తిరించిన ముక్క కిందవడితే ఒక్క నిమిషం దాని దిక్కు చూసి, చీపురుతోని ఊడ్చేసింది.

అయినంక వాడకట్టుల ఏం చెప్పిందనుకున్నరు? నా మైదాకు చూసే కంపెనోళ్లు కొలువిచ్చిండ్రు అని. పిల్ల ఎంత కాదన్నా వినదు. ఆ మాట ఊర్ల పాకింది. మరుసటి ఏడు ఆషాఢంల, ఇంటర్వ్యూ ఉన్న ప్రతి పిల్లా మల్లవ్వ వాకిట్లకే వచ్చుడు. మొన్న శ్రీలత అనే పిల్ల వచ్చి, అవ్వా, రేపు నాకు ఇంటర్వ్యూ, జెర పెట్టవా అని చెయ్యి చాపింది.

మల్లవ్వ రోట్లె నూరేది ఆపి, తల పైకెత్తి చూసింది.

"ముందుగాల చెప్పు. ఏం కంపెనీ? మందులదా, ఇనుముదా?"

"ఇనుముదే అవ్వా. ఆఫీసుల పని."

"అట్లయితే రెండు చేతులు చాపు" అన్నది మల్లవ్వ.