ఉప్పు తేలిన గోడ

అతన్ని అందరూ నిచ్చెన అంటారు. ఇళ్ళకి రంగులేస్తూ నలభై ఏళ్ళు నిచ్చెన మీదే బతికాడు మరి. ఇప్పుడు ఆసుపత్రి మంచం ఎక్కాలన్నా ఎవరో ఒకరు చెయ్యి పట్టుకోవాలి.

నాలుగు నెలల కింద అతని ఎడమ భుజం దిగువన, చర్మం లోపల పేస్‌మేకర్ పెట్టారు. అగ్గిపెట్టెంత పెట్టె. దాన్నించి ఓ తీగ గుండెలోకి పోతుంది. గుండె కొట్టుకోవడం మరిచిపోయినప్పుడల్లా ఆ పెట్టె దాన్ని తట్టి లేపాలి. ఆరు వారాలు ఎడమ చెయ్యి భుజం దాటి ఎత్తొద్దన్నారు, ఎత్తితే తీగ జారుతుందని. ఆ మాట పట్టుకుని పెళ్ళాం అతను పడుకునేటప్పుడు ఆ చేతిని తువ్వాలుతో నడుముకి కట్టేసేది. ఆరు వారాలూ గడిచాయి. బాగానే ఉన్నాడు. పది రోజుల కింద మళ్ళీ కళ్ళు తిరగడం మొదలైంది. నిన్న పొద్దున కుళాయి దగ్గర కూలబడ్డాడు.

"చెయ్యి ఎత్తుంటావు," అంది పెళ్ళాం.

"ఎత్తలేదు."

"ఎత్తకుండానే జారిందా తీగ? ముందుగది పైకప్పు పెచ్చులూడుతోందని, ఆపరేషనై ఇంటికొచ్చినప్పట్నించీ దానివంకే చూస్తున్నావు. నేను కొట్టుకెళ్ళినప్పుడు గోకేసుంటావు. నీ సంగతి నాకు తెలీదూ?"

"ఎత్తలేదే."

"ఏదీ, ఒట్టెయ్యి."

ఒట్టు వెయ్యడానిక్కూడా ఓపిక లేదతనికి. గోడవైపు తిరిగి పడుకున్నాడు.

పొద్దున డాక్టరు వచ్చి గుండె గీతల కాయితం చూశాడు. "పెట్టె తడుతోంది. నాలుగుసార్లు తడితే రెండుసార్లే గుండె పలుకుతోంది. తీగ జారుంటుంది. రేపు తెరిచి సర్దుదాం."

పెళ్ళాం మొగుడివంక చూసింది. ఆ చూపులో ఏముందో చదవడానికి అతనికి మూడో తరగతి చదువు చాలు.

మళ్ళీ కోత. మొదటి కోతే నెలరోజులు చీము కారి, కూర్చోనివ్వలేదు, పడుకోనివ్వలేదు. ఇంకోసారి నావల్ల కాదని డాక్టరుతో చెప్పాలనుకున్నాడు. నోరు తెరిచేలోపు ఆయన పక్క మంచానికి వెళ్ళిపోయాడు. పిలవాలంటే గొంతు పెంచాలి. ఊరుకున్నాడు.

మధ్యాహ్నం పెట్టెని పరీక్షించే అమ్మాయి చక్రాల బల్ల తోసుకుంటూ వచ్చింది. అతని ఛాతీ మీద ఓ బిళ్ళ ఆనించి, తెర చూస్తూ చాలాసేపు మీటలు నొక్కింది. ఎక్స్‌రేలు రెండు వెలుతురుకి ఎత్తిపట్టింది.

"తీగ వెంట్రుకవాసి కూడా జరగలేదు పెద్దాయనా. తెగలేదు కూడా. బ్యాటరీ నిండా ఉంది. కానీ ఇదివరకు మెల్లగా తడితే పలికే గుండె, ఇప్పుడు మూడింతలు గట్టిగా తడితేగానీ పలకట్లేదు. కొత్త మాత్రలేమైనా వేసుకుంటున్నారా?"

"లేదమ్మా."

"తీగ కొస చుట్టూ మచ్చ కట్టినా ఇలాగే అవుతుంది. కానీ అది పది రోజుల్లో వచ్చేది కాదే." ఆమె తనలో తాను అనుకుంటున్నట్టు అంది, "పోనీ, తీగ ఇంకోచోట గుచ్చి చూస్తారేమో."

నిచ్చెన తల తిప్పాడు. "కుంచె బాగుంది, రంగు బాగుంది. అప్పుడిక గోడ చూడాలమ్మా."

"ఏంటి పెద్దాయనా?"

"ఉప్పు తేలిన గోడకి ఎన్ని పూతలేసినా నిలవదు. గోకి మళ్ళీ వేసినా అంతే. ముందు లోపలేం చేరిందో చూసుకోవాలి." రెండు రోజుల్లో అతను అన్ని మాటలు మాట్లాడింది అప్పుడే. ఆయాసం వచ్చింది.

"చూశావా అమ్మా, మంచం మీద కూడా గోడల గోలే," అంది పెళ్ళాం.

ఆ అమ్మాయి నవ్వలేదు. "కిడ్నీలెలా ఉన్నాయి ఈయనకి?"

"అంతంతమాత్రం. ముందునించీ అంతే."

"ఏం పెడుతున్నారు?"

"అన్నీ చూసే పెడుతున్నా తల్లీ. మామూలు ఉప్పు మాన్పించేశాను. బీపీవాళ్ళకని వేరే ఉప్పొచ్చిందిగా, మూడు వారాల్నించి అదే. చప్పగా ఉందని ముఖం మాడ్చుకుంటాడు, అందుకని ఇంకో చెంచా వేస్తున్నా." గర్వంగా సంచిలోంచి పొట్లం తీసింది.

అమ్మాయి పొట్లం వెనక చిన్న అక్షరాలు చదివింది. "ఇందులో చాలావరకు పొటాషియమేనమ్మా. కిడ్నీలు బాగుంటే బయటికి పోతుంది. లేకపోతే రక్తంలోనే పేరుకుంటుంది. అది పేరుకుంటే పెట్టె ఎంత తట్టినా గుండె లేవదు."

పెట్టె గట్టిగా తట్టేలా అప్పటికి సర్ది, పొట్లం పట్టుకుని గబగబా వెళ్ళింది.

గంటలో రక్తం రిపోర్టు వచ్చింది. ఆమె అన్నదే నిజం. డాక్టరు సూది వేయించాడు, సీసా ఎక్కించాడు. "రక్తంలో ఆ పొటాషియం తగ్గితే గుండె దారికొస్తుంది. రేపు కొయ్యక్కర్లేదు," అన్నాడు.

పెళ్ళాం స్టూలు మీద కూర్చుంది. మూత తియ్యని కూరగిన్నె ఒళ్ళో ఉంది. ఎంతసేపటికీ మాట్లాడలేదు. ముప్పైఎనిమిదేళ్ళలో ఆవిడ అంతసేపు నోరు మూసుకోవడం అతను చూడలేదు.

"నా చేత్తో నేనే..." అంది చివరికి.

"ఊరుకో."

"ఇంకో చెంచా, ఇంకో చెంచా అని..."

పది రోజులుగా ఎత్తలేదు, ఎత్తలేదు అంటూనే ఉన్నాడు. ఇప్పుడు కాయితమ్మీద రుజువు కూడా ఉంది. అతను కాసేపు సీసాలో బొట్లు చూశాడు.

"ఒకసారి ఎత్తానే," అన్నాడు.

"ఏంటి?"

"చెయ్యి. పైకప్పు పెచ్చు గోకాను, కిటికీ మూల. నువ్వు కొట్టుకెళ్ళినప్పుడు."

"తీగ జరగలేదందిగా ఆ పిల్ల?"

"జరిగి మళ్ళీ సర్దుకుందేమో. ఎవడికి తెలుసు."

ఆవిడ అతని ముఖంలోకి చూసింది. కిటికీ మూల రోజూ ఊడ్చేది ఆవిడే. అక్కడ పెచ్చు రాలితే ఆవిడకి తెలియకుండా ఉండదు.

కొంగుతో కళ్ళొత్తుకుంది.

"చెప్పానా! ఒట్టెయ్యమంటే అటు తిరిగి పడుకున్నప్పుడే అనుకున్నా. ఆ నిచ్చెనని విరిచి పొయ్యిలో పెట్టకపోతే చూడు..."

అతను కళ్ళు మూసుకుని వింటూ పడుకున్నాడు.